హెరాల్డ్‌కు కొత్త సస్పెన్షన్: చాసిస్ కోయకుండా ఇరుసు మార్చడం (ప్రాజెక్టు డైరీ)

బండి స్టాండర్డ్ హెరాల్డ్ (ఇంగ్లండు ట్రయంఫ్ హెరాల్డ్‌కు మద్రాసు రూపం), రెండు తలుపులది, 948 సీసీ. పని పాలకొల్లు పక్కన ఒక షెడ్డులో నడుస్తోంది. హెరాల్డ్ టాపు బోల్టులతోనే బిగించి ఉంటుంది, విప్పేస్తే ఓపెన్ కారు. ఇంగ్లండులో ఇదే చాసిస్‌ను పొట్టిచేసి 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ తెచ్చారు. అందువల్ల స్పిట్‌ఫైర్ సస్పెన్షన్ మీద లోకమంతా పడ్డ పాట్లు దీనికీ వర్తిస్తాయి.

ముందు ఒక షరతు. అసలు చాసిస్ మీద గ్రైండరు పెట్టకూడదు, వెల్డింగు చుక్క పడకూడదు. కొత్త భాగం ఏదైనా పాత బోల్టు రంధ్రాలకే పట్టాలి. ఇది సెంటిమెంటు కాదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన నిర్మాణాన్ని అనుమతి లేకుండా మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనల్లో 50 ఏళ్లు దాటిన బండి అసలు రూపంలో ఉంటేనే అర్హత. రేపు వింటేజ్ నంబరు కావాలంటే పాత ఇరుసు మళ్లీ ఎక్కించగలగాలి. విప్పిన ప్రతి భాగమూ నూనె పూసి, చీటీ కట్టి, పెట్టెలో ఉంది. ఇప్పటి రూపంలో బండి రోడ్డెక్కదు. పరీక్షలన్నీ రైసుమిల్లు సిమెంటు కళ్లం మీదే. సార్వా, దాళ్వా కోతలప్పుడు కళ్లం నిండా ధాన్యమే, అప్పుడు పరీక్షలు బంద్.

దశ 1: ఏది మార్చాలి, ఏది ముట్టుకోకూడదు

హెరాల్డ్ ముందు భాగంలో డబుల్ విష్‌బోన్ (చక్రాన్ని పైనా కిందా పట్టే రెండు కవల చేతులు), కాయిల్ స్ప్రింగ్ ఉన్నాయి. 1961లో మద్రాసులో ఈ బండి మొదలైనప్పుడు మన దగ్గర ఇది చాలా ముందున్న ఏర్పాటు, ఈరోజుకీ జామెట్రీ బాగుంది. దాన్ని పీకి ఏ చిన్న కారు స్ట్రట్టో (స్ప్రింగూ షాకబ్జరూ కలిసిన నిలువు కాలు) పెట్టాలనుకునేవాళ్లు ఆగాలి. స్ట్రట్ పైకొసను పట్టుకోవడానికి ఈ చాసిస్‌లో చోటే లేదు. పైగా ముందు చక్రాలతో నడిచే కార్ల హబ్ తెచ్చి ఇక్కడ పెడితే, డ్రైవ్ షాఫ్ట్ లేకపోవడంతో బేరింగును బిగించి పట్టుకునేది ఏదీ ఉండదు. కొంతదూరం నడిచాక బేరింగు ఊడి వస్తుంది.

రోగమంతా వెనక ఉంది. డిఫరెన్షియల్ (ఇంజను బలాన్ని రెండు వెనక చక్రాలకూ పంచే గేర్ల పెట్టె) చాసిస్‌కు కదలకుండా బిగించి, రెండు పక్కలా షాఫ్టులు లోపలి జాయింటు దగ్గర మాత్రమే ఊగుతాయి. పైన అడ్డంగా ఒక కమాను కట్ట (పట్టీల స్ప్రింగు). జాయింటు నుంచి చక్రం దాకా సుమారు 500 మి.మీ. అంటే చక్రం 50 మి.మీ. కిందికి జారితే కోణం 5.7 డిగ్రీలు మారుతుంది. మలుపులో బ్రేకు వేస్తే వెనక భాగం లేచి, బయటి చక్రం కడుపులోకి మడుచుకుంటుంది. కాలవగట్టు రోడ్డు మీద, ఒక పక్క నీళ్లున్నచోట, ఇది ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

మార్గాలు మూడు కనిపించాయి.

1. 1970 నుంచి స్పిట్‌ఫైర్ మార్క్ 4లో వాడినట్టు, మధ్యలో తిరగగలిగే కమాను కట్ట. మంచిదే, మన దగ్గర దొరకదు.
2. 1968 నాటి ట్రయంఫ్ జీటీ6 మార్క్ 2 తరహాలో కింది విష్‌బోన్, రబ్బరు కప్లింగు. ఆ భాగాలు తెప్పించాలంటే సుంకంతో కలిపి బండి ధర దాటుతుంది.
3. నిలువెల్లా ఒకే ముక్కగా ఉండే ఇరుసు, కాయిల్ స్ప్రింగులు, ఇరుసును ముందూ వెనక్కీ పోకుండా పట్టే నాలుగు లింకులు (కడ్డీలు), పక్కకు పోకుండా పట్టే ఒక అడ్డ కడ్డీ, అంటే పాన్‌హార్డ్ రాడ్.

మూడోది ఎంచుకున్నాం. స్టాండర్డ్ కంపెనీయే 1972లో గజెల్ తెచ్చినప్పుడు ఈ ఊగే ఇరుసు (స్వింగ్ యాక్సిల్) వదిలేసి ఒకే ముక్క ఇరుసు పెట్టింది. ఊగే ఇరుసు మన యజమానులకూ మెకానిక్కులకూ నచ్చలేదు మరి.

దీనివల్ల వచ్చే నష్టం ముందే రాసిపెట్టాలి. పాత ఏర్పాటులో డిఫరెన్షియల్ బరువు స్ప్రింగుల పైన ఉండేది, ఇప్పుడు కిందికి వస్తుంది. స్ప్రింగుల కింది బరువు, చక్రాలతో కలిపి, పాతది 48 కిలోలు, కొత్తది 84 కిలోలు. గతుకుల మీద వెనక భాగం కొట్టుకోవడం కొంత పెరుగుతుంది. మలుపులో పట్టు కావాలా, గతుకులో మెత్తదనం కావాలా అన్న బేరంలో ఇక్కడ పట్టుకే ఓటు.

దశ 2: నేల, కొలతలు

డెల్టాలో షెడ్డు నేలను నమ్మొద్దు. కింద నల్లరేగడి, ఎండకు కుంచించుకుపోతుంది, వానకు ఉబ్బుతుంది. ఈ షెడ్డులో బండి నిలిచే మేరలో మూలకూ మూలకూ 14 మి.మీ. తేడా వచ్చింది. నేల నుంచి తీసిన కొలత ఏదీ పనికిరాదు. రసమట్టం కూడా చాలదు, అంత పొడవుకు చిన్న తప్పు పెద్దదవుతుంది. తాపీమేస్త్రీల నీటిగొట్టమే దారి.

1. బండిని నాలుగు స్టాండ్ల మీద, చాసిస్ కింద ఎత్తి నిలబెట్టండి.
2. పారదర్శక గొట్టంలో రంగునీళ్లు నింపి బుడగలన్నీ పోయేదాకా ఆగండి. ఒక్క బుడగ ఉన్నా లెక్క తప్పుతుంది.
3. చాసిస్ మీద నాలుగు గుర్తులు పెట్టి, స్టాండ్ల కింద రేకు ముక్కలతో నాలుగూ 1 మి.మీ. తేడాలోకి తీసుకురండి.
4. తూకంగుండు వదిలి మధ్యగీతను నేలమీద సుద్దదారంతో కొట్టండి.
5. ముందు కింది విష్‌బోన్ బోల్టు నుంచి వెనక చక్రం మధ్య వరకు రెండు పక్కలా కొలిచి రాసుకోండి. తర్వాత ఇరుసు నిలిపేది ఈ కొలత మీదే.

ఈ పని మధ్యలో గట్టివాన పడితే 3వ అంకె మళ్లీ చేయండి.

బరువు ధాన్యం లారీలు తూచే కాటా మీద తీశాం. ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి ఒకసారి, వెనకవి మాత్రమే ఎక్కించి ఒకసారి. ముందు 420, వెనక 325, మొత్తం 745 కిలోలు (టాపు, బంపర్లు లేకుండా). ఇలాంటి కాటా 5 కిలోల మెట్లలో చూపిస్తుంది, ఆ తేడా మనసులో ఉంచుకోవాలి.

దశ 3: ఇరుసు ఎంపిక

మారుతీ ఓమ్ని ఇరుసు. కారణాలు: ఓమ్ని వెనక ట్రాక్ (ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం) 1,200 మి.మీ., హెరాల్డ్‌ది 1,219. ఇరుసు కోసి పొట్టిచేసే పని లేదు. ఇంజను బలం రెంటిదీ దగ్గర దగ్గరే, ఓమ్ని మోసే బరువు ఎక్కువ, కాబట్టి గేర్లకు భయం లేదు. పైగా భీమవరం, తణుకు, రాజమండ్రి ఎక్కడైనా విడిభాగాలు దొరుకుతాయి.

ట్రాక్ అంకెను మాత్రం గుడ్డిగా నమ్మొద్దు. అది ఓమ్ని చక్రంతో వచ్చే అంకె. హెరాల్డ్ చక్రం వేస్తే చక్రం లోతు వేరు కాబట్టి ట్రాక్ మారుతుంది. ఇక్కడ 1,238 వచ్చింది, పాతదానికంటే పక్కకు 9.5 మి.మీ. ఎక్కువ. మడ్‌గార్డుకూ టైరుకూ కనీసం 25 మి.మీ. ఖాళీ ఉంటే చాలు.

కొనేముందు తుక్కు షాపులోనే చూడాల్సినవి:

1. ఒక చక్రం ఫ్లాంజ్ (చక్రం బిగించే పళ్లెం) కదలకుండా పట్టి, రెండోదాన్ని రెండు పూర్తి చుట్లు తిప్పండి. ఆలోగా పినియన్ (ప్రొపెల్లర్ షాఫ్టు తగిలే చిన్న గేరు) ఎన్ని చుట్లు తిరిగిందో అదే గేరు నిష్పత్తి. ఈ ఇరుసులో 5 చుట్లు దాటి ఎనిమిదో వంతు వచ్చింది: 5.125.
2. పినియన్‌ను పైకీ కిందికీ ఊపండి. చేతికి ఆట తెలిస్తే వదిలేయండి.
3. గాలిగొట్టం మూతకు బురద పట్టి ఉంటే లోపల నూనె సీలు దాటి బ్రేకుల్లోకి పోయినట్టే. చేపల చెరువుల మీద తిరిగిన వ్యాన్లలో ఇది మామూలు.
4. ఇరుసు గొట్టం కింద, కమాను పట్టిన చోట, తుప్పు గోకి చూడండి. ఐసు నీళ్లు కారిన బండ్లలో ఇక్కడ రేకు పలచబడి ఉంటుంది.

హెరాల్డ్ సెలూన్ అసలు నిష్పత్తి 4.875. అంటే అదే వేగానికి ఇంజను 5 శాతం ఎక్కువ తిరుగుతుంది, గేరుబాక్సు నుంచి నడిచే స్పీడోమీటరు 5 శాతం ఎక్కువ చూపిస్తుంది. హైవే బండి కాదు కాబట్టి వదిలేశాం.

ఖర్చు: ఇరుసు 8,500, బేరింగులూ సీళ్లూ 2,400, బ్రేకు షూలూ సిలిండర్లూ 2,900, నూనె 650.
ఇప్పటిదాకా: రూ. 14,450.

దశ 4: నాలుగు బోల్టుల తంటా

హెరాల్డ్ చక్రాల బోల్టు వృత్తం 3.75 అంగుళాలు (95.25 మి.మీ.), ఓమ్నిది 114.3. ముందొక రకం వెనకొక రకం చక్రాలైతే స్టెప్నీ దేనికీ పూర్తిగా పనికిరాదు. మధ్యలో అడాప్టరు పళ్లేలు పెట్టేవాళ్లున్నారు; ట్రాక్ అనవసరంగా పెరుగుతుంది, బిగించాల్సిన బోల్టులు రెట్టింపవుతాయి. ఓమ్ని ఫ్లాంజ్ పెద్దది, 95.25 వృత్తం దాని లోపలే పడుతుంది. పాత రంధ్రాలకు 45 డిగ్రీల పక్కన కొత్తవి నాలుగు, ఫ్లాంజ్‌కూ డ్రమ్ముకూ కలిపి.

1. షాఫ్టును లేత్ మీద కేంద్రాల మధ్య పట్టించండి. చక్‌లో పట్టిస్తే షాఫ్టు వంపు మొత్తం రంధ్రాల వృత్తంలోకి వస్తుంది.
2. డివైడింగ్ హెడ్ (వృత్తాన్ని సమభాగాలుగా తిప్పే పరికరం) లేకుండా, కాగితం నమూనా అంటించి పంచ్ కొట్టే షాపుకు ఇవ్వొద్దు.
3. డ్రమ్మును ఫ్లాంజ్‌కు బిగించాకే, రెంటికీ ఒకేసారి రంధ్రం.
4. స్టడ్లు 3/8 అంగుళం యూఎన్‌ఎఫ్ (సన్న మర రకం), పాత ముందు చక్రాలవే కొలత. నట్లు నాలుగు చక్రాలకూ ఒకటే ఉండాలి.
5. డయల్ గేజితో చక్రం కూర్చునే ముఖం చూడండి. 0.1 మి.మీ. లోపు ఊపు సరే.

ఇక్కడ తేలిన లోపం: స్టడ్లు లోపలి వృత్తంలోకి జరిగాయి, వాటి తలలు వెనకనున్న బేరింగు పళ్లెం నట్లకు రాసుకున్నాయి. చేత్తో తిప్పితే వినపడని రాపిడి, చక్రం ఎక్కించి తిప్పితే గరగర. స్టడ్ తలల మందం 6 నుంచి 4 మి.మీ.కు తీయించి, ఎత్తు నట్ల బదులు పలచని లాక్ నట్లు వేస్తే 1.5 మి.మీ. ఖాళీ వచ్చింది. బంకమట్టి ముద్ద మధ్యలో నొక్కి తీసి దాని మందం కొలిస్తే ఈ ఖాళీ తెలుస్తుంది.

చక్రం నట్లు 52 న్యూటన్ మీటర్లు. 3/8 స్టడ్ సన్నం, గాలి గన్నుతో బిగిస్తే సాగిపోతుంది.

ఖర్చు: లేత్ పని 1,800, స్టడ్లూ నట్లూ 960.
ఇప్పటిదాకా: రూ. 17,210.

దశ 5: వంతెన ఫ్రేము

పాత డిఫరెన్షియల్ దిగాక చాసిస్‌లో దాని బోల్టు చోట్లు ఖాళీ అవుతాయి. షాకబ్జర్ల పై బ్రాకెట్లు కూడా ఉన్నాయి. వీటికే పట్టేలా 40×40×3 మి.మీ. చదరపు గొట్టంతో విడి ఫ్రేము చేశాం. స్ప్రింగు పైకొసలు, పై లింకులు, పాన్‌హార్డ్ రాడ్ చాసిస్ కొస, మూడూ దీని మీదే.

వెల్డింగు చాసిస్ మీద పెట్టి చేయొద్దు. బోల్టు రంధ్రాల కొలతలు 10 మి.మీ. పళ్లెం మీదకు ఎక్కించి జిగ్ (పనిముక్కను కదలకుండా పట్టే అచ్చు) చేసుకుని, దానికి బిగించి అతికించాలి. వేడికి ఫ్రేము గుంజుకుంటుంది, జిగ్ లేకపోతే చివరికి బోల్టు దూరదు. దూరకపోతే ఏం చేస్తారో తెలిసిందే, రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి పెద్దదవుతుంది. అలా పెద్దదైన రంధ్రంలో బోల్టు బిగింపు ఎన్నటికీ నిలవదు.

గొట్టాల కొసలన్నీ మూసేయాలి, కింద మాత్రం 6 మి.మీ. కన్నం ఒకటి ఉంచాలి. పూర్తిగా మూస్తే లోపలి తేమ బయటికి పోదు. నరసాపురం వైపు గాలిలోనే ఉప్పు ఉంటుంది. గొట్టం బయట రంగు మెరుస్తుంటే లోపల తినేస్తుంటుంది. పాత గేరు ఆయిల్ పోసి తిప్పి కార్చేస్తే లోపల పొర నిలుస్తుంది.

ఖర్చు: ఇనుము 2,100, పళ్లేల కోత 1,600, బోల్టులు (8.8 గ్రేడు) 1,450, వెల్డింగు 4,000.
ఇప్పటిదాకా: రూ. 26,360. చేరిన బరువు: 17 కిలోలు.

దశ 6: లింకులు

మొదటి నమూనాలో పై లింకులు రెండూ వెనక్కి పోతూ దగ్గరయ్యేలా, ఏటవాలుగా పెట్టడం జరిగింది. దానికి తోడు పాన్‌హార్డ్ రాడ్. ఒక చక్రం కింద జాకీ పెట్టి ఎత్తితే 35 మి.మీ. దగ్గర బిగుసుకుపోయింది. కారణం సూటిగానే ఉంది: ఏటవాలు లింకులు ఇరుసును పక్కకు పోకుండా పట్టుకుంటాయి, పాన్‌హార్డ్ రాడ్ కూడా అదే పని వేరే వృత్తంలో చేస్తుంది. ఇద్దరు యజమానుల కింద ఇరుసు నలిగిపోతుంది. ఏదో ఒకటే ఉండాలి. లింకులు నాలుగూ సమాంతరంగా మార్చి, పాన్‌హార్డ్ రాడ్ ఉంచాం.

సమాంతరంగా పెట్టినా, బండి పక్కకు ఒరిగినప్పుడు నాలుగు లింకులూ కొంచెం మెలిపడాలి. అందుకే రెండు కొసలా ఉక్కు గుండు జాయింట్లు పెట్టొద్దు. చాసిస్ వైపు రబ్బరు బుష్, ఇరుసు వైపు కూడా రబ్బరే, కాస్త గట్టిది.

కొలతలు: గొట్టం బయట 28, మందం 3 మి.మీ.; సర్దుబాటు కొస ఎం16×1.5, బోల్టులు ఎం12, 80 న్యూటన్ మీటర్లు. ఇరుసు మీద పై, కింది లింకు బోల్టుల మధ్య ఎత్తు 180 మి.మీ. పాన్‌హార్డ్ రాడ్ పొడవు 820 మి.మీ.

రాడ్ ఎందుకు అంత పొడవు? ఇరుసు పైకి లేచినప్పుడు రాడ్ వృత్తంలో తిరుగుతుంది, ఇరుసును పక్కకు లాగుతుంది. ఆ జరుగుడు సుమారుగా, లేచిన దూరం వర్గాన్ని రాడ్ పొడవుకు రెట్టింపుతో భాగిస్తే వస్తుంది. 70 మి.మీ. లేస్తే 820 రాడ్‌కు 3 మి.మీ., 450 రాడ్‌కు 5.4. ఇద్దరు కూర్చున్నప్పుడు రాడ్ నేలకు సమాంతరంగా ఉండాలి, ఖాళీ బండికి కాదు.

బిగింపు క్రమం, దీన్ని ఎవరూ పట్టించుకోరు:

1. లింకు బోల్టులన్నీ వేలి బిగింపులో ఉంచండి.
2. బండిని చక్రాల మీదకు దించి, సీట్లలో రెండు 75 కిలోల ధాన్యం బస్తాలు వేయండి.
3. నాలుగు మూలలా ఊపి వదలండి.
4. అప్పుడు బిగించండి.

ఇరుసు వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు అప్పుడే మెలిపడి ఉంటుంది, బండి దిగాక ఇంకా మెలిపడుతుంది. అలా బిగించిన బుష్ ఒకటి కళ్లం మీద కొద్దిపాటి తిరుగుడుకే చిరిగింది.

ఖర్చు: గొట్టం 1,900, బుష్‌లు 2,200, మర కొసలు 2,400.
ఇప్పటిదాకా: రూ. 32,860. చేరిన బరువు: 24 కిలోలు.

దశ 7: స్ప్రింగులు, లెక్కతో

ఎక్కువమంది ఇక్కడే పప్పులో కాలేస్తారు. దొరికిన స్ప్రింగు పెట్టడం, బండి ఎత్తుగా ఉంటే ఒక చుట్టు కోయడం. చుట్టు కోస్తే స్ప్రింగు మెత్తబడదు, గట్టిపడుతుంది.

లెక్క ఇలా. ఇరుసు మారాక వెనక బరువు 350 కిలోలు. స్ప్రింగుల కింది 84 తీసేస్తే 266. ఇద్దరు మనుషులు 150, అందులో వెనక్కి పడేది 60 శాతం, 90. మొత్తం 356, పక్కకు 178 కిలోలు.

వెనక భాగం సెకనుకు 1.4 సార్లు ఊగేలా కావాలి. చక్రం దగ్గర కావాల్సిన గట్టిదనం మి.మీ.కు 13.8 న్యూటన్లు. స్ప్రింగు నిలువుకు 15 డిగ్రీలు వాలి ఉంది, కాబట్టి 0.933తో భాగించాలి: 14.8.

తుక్కులో దొరికిన ఒక చిన్న కారు వెనక స్ప్రింగులు మొదట వేశాం. డ్రిల్లింగ్ మిషను కింద ఇంటి తూకం మీద పెట్టి 25 మి.మీ. నొక్కితే 56 కిలోలు చూపించింది, అంటే మి.మీ.కు 22. ఊపు 1.7కు పోయింది. కళ్లం అతుకుల మీద వెనక భాగం ఎగిరి పడింది, ఒక్కరే కూర్చుంటే ఇంకా ఘోరం. ఆ రూ. 1,200 వృథా కిందే రాశాం.

చుట్టించిన స్ప్రింగు:

1. తీగ 10 మి.మీ., చుట్టు సగటు వ్యాసం 100 మి.మీ.
2. పనిచేసే చుట్లు 6.6, కొసలతో కలిపి 8.6.
3. విడి పొడవు 372, బరువు మీద 250, పూర్తిగా మూసుకుంటే 86 మి.మీ.
4. చక్రం 70 మి.మీ. లేచినా స్ప్రింగు 182 దగ్గరే ఆగుతుంది, 80 మి.మీ. దిగినా 327, ఇంకా బిగువుగానే ఉంటుంది. వేలాడినప్పుడు స్ప్రింగు వదులైతే సీటులోంచి జారుతుంది.

వచ్చిన జతను నొక్కి చూస్తే ఒకటి 14.6, ఒకటి 15.1. గట్టిది డ్రైవరు వైపు.

రెండో తేడా బంప్ రబ్బర్ల (ఇరుసు మరీ పైకి లేస్తే ఆపే దిమ్మలు) దగ్గర. రబ్బరు తగలకముందే ఇరుసు గొట్టం ఫ్రేముకు తగిలింది. స్ప్రింగులు తీసేసి ఇరుసును జాకీతో పైదాకా లేపి చూస్తే బయటపడింది. రబ్బరు కింద 15 మి.మీ. దిమ్మ చేర్చాం, ఇప్పుడు 70 మి.మీ. దగ్గర రబ్బరు, ఇనుము తగలడానికి ఇంకో 12 ఉంది. స్ప్రింగులు లేకుండా ఈ పరీక్ష చేయకుండా బండి దించొద్దు.

ఖర్చు: షాకబ్జర్లు 5,200, స్ప్రింగులు 3,800, వృథా 1,200.
ఇప్పటిదాకా: రూ. 43,060. చేరిన బరువు 33 కిలోలు. ఇరుసు 58 కలిపితే 91. తీసింది 68. బండికి పెరిగింది 23.

దశ 8: ప్రొపెల్లర్ షాఫ్టు

పాత డిఫరెన్షియల్ కదిలేది కాదు, షాఫ్టు పొడవు మారాల్సిన అవసరం లేదు. ఇరుసు పైకీ కిందికీ ఆడితే షాఫ్టు సాగాలి, కుంగాలి. జారుడు జాయింటు ఉన్న షాఫ్టు తప్పనిసరి. బరువు మీద నిలిపినప్పుడు జారుడు మర రెండు వైపులా కనీసం 20 మి.మీ. మిగలాలి.

మొదటి తిప్పుడులో గంటకు 45 కి.మీ. దాటగానే సీటు కింద వణుకు. షాఫ్టు బ్యాలెన్సు అనుకుని రెండోసారి చేయించినా పోలేదు. కోణాలు కొలిస్తే గేరుబాక్సు కొస 3 డిగ్రీలు కిందికి, పినియన్ 6 డిగ్రీలు పైకి. ఈ రెండు కోణాలూ సమానంగా ఉంటేనే ఒక క్రాస్ (షాఫ్టు కొసన మడిగే జాయింటు) పుట్టించే అదురును రెండోది మింగుతుంది.

పై లింకు పొట్టిచేస్తే ఇరుసు పైభాగం ముందుకొచ్చి పినియన్ ముక్కు దిగుతుంది. 180 మి.మీ. ఎత్తుకు ఒక డిగ్రీ అంటే 3.14 మి.మీ. మర పిచ్ 1.5, కాబట్టి ఒక చుట్టుకు అర డిగ్రీ కంటే కాస్త తక్కువ. రెండు పై లింకులూ ఆరేసి చుట్లు. పినియన్ 3.1 డిగ్రీలకు వచ్చింది, వణుకు పోయింది. రెండు లింకులూ సమానంగా తిప్పకపోతే ఇరుసు మెలిపడుతుంది, సుద్దతో గుర్తు పెట్టి తిప్పండి.

తర్వాత దశ 2లో రాసుకున్న కొలత మీద ఇరుసు చతురం చూడాలి. రెండు పక్కలా తేడా 2 మి.మీ., మూలల కొలతలో 3 మి.మీ. మించకూడదు.

ఖర్చు: షాఫ్టు పని 5,500, క్రాసులు 1,300.
ఇప్పటిదాకా: రూ. 49,860.

దశ 9: బ్రేకులు

చాసిస్ నుంచి ఇరుసుకు ఒకే రబ్బరు గొట్టం, అక్కణ్నుంచి టీ ఆకారపు జోడు వేసి రెండు పక్కలకు ఇనుప పైపులు. చక్రాలు పూర్తిగా వేలాడినప్పుడు గొట్టంలో ఇంకా వంపు మిగలాలి. బండి నేలమీద ఉండగా పొడవు కొలిచి కొంటే చాలదు.

తడి కళ్లం మీద గట్టిగా తొక్కితే వెనక చక్రాలు ముందు పట్టేశాయి. ఇరుసుతో వచ్చిన సిలిండరు పిస్టన్ 17.5 మి.మీ. దాన్ని 15.9కి మార్చాం, బలం వ్యాసం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి సుమారు 17 శాతం తగ్గింది. ఇప్పుడు ముందువే ముందు పడుతున్నాయి.

బ్రేకు నూనె గాలిలోని తేమ పీలుస్తుంది. డెల్టా తేమకు ఏడాదికోసారి మార్చాలి, తెరిచిన డబ్బా మళ్లీ వాడకూడదు.

ఖర్చు: 3,450. ఇప్పటిదాకా: రూ. 53,310.

దశ 10: ముందు భాగం

స్ప్రింగు లెక్క అదే పద్ధతి, ఒక తేడాతో. చక్రాన్ని 50 మి.మీ. ఎత్తితే షాకబ్జరు 32.5 మి.మీ. మాత్రమే కుంగింది, నిష్పత్తి 0.65. చక్రం దగ్గర 13.3 కావాలంటే స్ప్రింగు దగ్గర 0.65 వర్గంతో భాగించి 31.5. ముందు ఊపు 1.25, వెనక 1.4. వెనకది కొంచెం వేగంగా ఉంటే గతుకు దాటాక రెండు కొసలూ ఒకేసారి సద్దుమణుగుతాయి.

ఇక ట్రనియన్. నిలువు లింకు కింద మరలు తిరిగే ఇత్తడి దిమ్మ ఇది. స్టీరింగు తిప్పిన ప్రతిసారీ ఆ మర మీదే లింకు తిరుగుతుంది. దీనికి ఈపీ90 గేరు నూనె పోయాలి. గ్రీజు కొడితే అది మరల్లోకి దిగదు, పైన ముద్దగా ఉండిపోతుంది, కింద మర ఎండి, నీళ్లు చేరి, తుప్పు పట్టి, లింకు విరుగుతుంది, చక్రం పక్కకు పడిపోతుంది. మన దగ్గర విప్పిన హెరాల్డ్ ట్రనియన్లలో గ్రీజే ఎక్కువ కనిపిస్తుంది.

1. లింకు మర మొదలయ్యే చోట రంగు గోకి, కిరసనాయిలు పూసి తుడిచి, సుద్దపొడి చల్లండి. పగులుంటే గీతగా తడి తేలుతుంది. గీత కనిపిస్తే లింకు పారేయండి, వెల్డింగు చేయొద్దు.
2. ఎడమ పక్క మర ఎడమచేతిది, కుడి పక్కది మామూలుది. కొత్త దిమ్మ తిరగబట్టించేటప్పుడు లేత్ షాపుకు ఇది కాగితం మీద రాసివ్వండి.
3. దిమ్మను పూర్తిగా బిగించి, ఒక చుట్టు లోపు వెనక్కి తిప్పి నిలపండి. పూర్తి బిగింపులో వదిలేస్తే స్టీరింగు తిప్పినప్పుడు లింకు మీద పడుతుంది.
4. చక్రాల వాలు సరిచేయడానికి కింది విష్‌బోన్ బ్రాకెట్ల వెనక రేకులున్నాయి. రెండు బ్రాకెట్లకూ సమానంగా చేర్చితే చక్రం పైభాగం లోపలికి వాలుతుంది. ఇక్కడ లోపలికి అర డిగ్రీ పెట్టాం.
5. టో-ఇన్ (ముందు చక్రాలు ముందువైపు లోపలికి తిరిగి ఉండే తేడా) దారంతో కొలిచి 1.5 మి.మీ.

ఖర్చు: 11,700. ఇప్పటిదాకా: రూ. 65,010.

దశ 11: కళ్లం పరీక్ష

సున్నంతో 10 మీటర్ల వ్యాసార్ధం వృత్తం గీసి, పట్టు జారకుండా తిరగగలిగినంత వేగంగా తిప్పాలి. టైర్లు, గాలి రెండుసార్లూ అవే. పాత ఇరుసుతో ఒక చుట్టుకు 9.4 సెకన్లు, అంతకు మించితే వెనక భాగం లేచేది. కొత్తదానితో 8.5 సెకన్లు, జారేది ముందు చక్రాలు. పక్కబలం లెక్కలో 0.46 నుంచి 0.56 జీ (భూమి ఆకర్షణతో పోల్చిన కొలత).

ఈ పరీక్షలోనే పాన్‌హార్డ్ రాడ్ చాసిస్ కొస బ్రాకెట్ పగిలింది. ఒక్క పళ్లెం మీద బోల్టు పొడుచుకొచ్చి ఉంది, రాడ్ అటూ ఇటూ లాగుతుంటే పళ్లెం మెలికపడి వెల్డింగు అంచున చీలింది. మలుపులో ఇరుసు పక్కకు తోసే బలమంతా ఆ ఒక్క బోల్టు మీదే పడుతుందని మరవొద్దు. ఇప్పుడు రెండు 5 మి.మీ. పళ్లేల మధ్య బోల్టు, అక్కణ్నుంచి ఫ్రేము ఎదుటి పక్కకు ఏటవాలు గొట్టం. రూ. 900.

ఇప్పటిదాకా: రూ. 65,910.

మిగిలిన పనులు

కళ్లం అంచున వరుస అతుకుల మీద గంటకు 30 కి.మీ. దగ్గర ఇరుసు ఇంకా తడబడుతోంది. షాకబ్జర్లు ఇరుసు మధ్యకు దగ్గరగా ఉండటం ఒక కారణం. వాటిని పక్కకు 60 మి.మీ. జరపడానికి ఫ్రేములో చోటుంది, చక్రం లోపలి అంచు ఖాళీ కొలవాలి. చేతిబ్రేకు కేబుల్ దారి తాత్కాలికం, ఎడమ లింకు బోల్టుకు తగులుతోంది. ముందు డిస్కు బ్రేకుల సంగతి ఆ రెండూ తేలాకే. అప్పటిదాకా కళ్లం మీదకు బండి దిగే ప్రతిసారీ ఫ్రేము బోల్టుల మీద గీసిన పసుపు రంగు గీతలు జరిగాయేమో చూసి, టార్క్ రెంచితో 80 దగ్గర సరిచూడాలి.